అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోల్ ఇంజిన్‌కు కార్బొరేటర్ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేది ఏ బండ్లకు వర్తిస్తుంది?

బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్లకు. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. ఇంజిన్‌కు ఎడమ పక్కన ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు రెండూ కలిసే ఉంటాయి. తర్వాత వచ్చిన 1817 సి.సి. ఇసుజు ఇంజిన్ పూర్తిగా వేరు. దాని హెడ్డు, మ్యానిఫోల్డ్ ఏవీ వీటితో కలవవు కాబట్టి ఈ కొలతలు దానికి వాడకండి.

కార్బొరేటర్ మారిస్తే పవర్ ఎంత పెరుగుతుంది?

ఇంజిన్ స్టాకుగానే ఉంటే చాలా తక్కువ. ఎందుకో లెక్క వేసి చూడండి. 1489 సి.సి. ఇంజిన్ రెండు తిప్పులకు ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 4,400 ఆర్.పి.ఎం. దగ్గర నూటికి 80 వంతులు నిండుతుందనుకుంటే నిమిషానికి దాదాపు 2,600 లీటర్ల గాలి. మంచి కండిషన్లో ఉన్న పాత కార్బొరేటర్ ఆ గాలిలో చాలా భాగం ఇవ్వగలదు. కొత్తది ఎంత పెద్దదైనా వాల్వులు, క్యామ్, కంప్రెషన్ ఒప్పుకున్నంతే ఇంజిన్ పీలుస్తుంది.

ఇదే 1489 సి.సి. ఇంజిన్ ఎం.జి.ఎ. కారులో 68 నుంచి 72 హార్స్‌పవర్ ఇచ్చింది. అంబాసిడర్‌లో 50 చుట్టుపక్కలే. ఆ తేడా అంతా రెండు కార్బొరేటర్లదే అనుకోవద్దు. హెడ్డు, కంప్రెషన్, క్యామ్ అన్నీ కలిపి తెచ్చిన తేడా అది.

అయినా మార్చిన వాళ్లు "బండి మారిపోయింది" అంటారు, అందులో అబద్ధం లేదు. అరిగిపోయిన కార్బొరేటర్ తీసి సరైనది పెడితే పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కు స్టార్ట్ అవుతుంది, స్లోస్పీడు నిలబడుతుంది, రెండో గేరులో పికప్ తిరిగొస్తుంది. పోయిన పవర్ వెనక్కి వచ్చిందన్నమాట, కొత్తది పుట్టలేదు.

నా బండి మీద ఉన్నది సోలెక్సా, ఎస్.యు.నా?

ఇవి రెండు కార్బొరేటర్ రకాలు, ఈ బండ్ల మీద రెండూ కనిపిస్తాయి. పైన చెంబు బోర్లించినట్టు గుండ్రటి అల్యూమినియం డూమ్, దాని నెత్తిన చేత్తో తిప్పే చిన్న మూత ఉంటే అది ఎస్.యు. గాలి పక్క నుంచి వస్తుంది. గాలి పై నుంచి కిందికి దిగుతూ, నోట్లో సన్నటి గొట్టం, మధ్యలో సన్నబడిన చోక్ ట్యూబు కనిపిస్తే సోలెక్స్. సోలెక్స్ పేరులో మొదటి అంకె, ఉదాహరణకు 32, థ్రాటిల్ బోరు మిల్లీమీటర్లలో. చోక్ ట్యూబు సైజు వేరు, అది దాని మీదే కొట్టి ఉంటుంది. కొనేటప్పుడు ఈ రెండు అంకెల్నీ కలిపేయకండి.

పాతది విప్పే ముందు ఏం చూసుకోవాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. కార్బొరేటర్ మీద వేసే నిందల్లో సగం నిజానికి ఇగ్నిషన్‌వీ, ట్యాపెట్లవీ. ఈ వరసలో చూడండి:

- కంప్రెషన్: నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటితే ముందు హెడ్డు విప్పాలి.
- ట్యాపెట్లు: 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ.
- డెల్కో (డిస్ట్రిబ్యూటర్)లో పాయింట్ల గ్యాప్: 0.35–0.40 మి.మీ. కండెన్సర్ అనుమానంగా ఉంటే మార్చేయండి.
- ప్లగ్గు గ్యాప్: 0.60–0.65 మి.మీ.
- టైమింగ్ లైటు పెట్టి అడ్వాన్స్. రేసు ఇచ్చినప్పుడు గుర్తు కదలకపోతే లోపల వెయిట్లు పట్టేశాయి.
- ఇన్‌టేక్ లీకు: ఇంజిన్ స్లోలో ఉండగా మ్యానిఫోల్డ్ అతుకుల మీద, థ్రాటిల్ స్పిండిల్ రెండు చివరల మీద కార్బ్ క్లీనర్ కొద్దిగా చిమ్మండి. స్పీడు మారితే అక్కడే గాలి పీలుస్తోంది. వేడి ఎగ్జాస్ట్ పక్కనే పని కాబట్టి నీళ్ల బకెట్టు కాదు, మంటలార్పే సిలిండరు దగ్గర పెట్టుకోండి.

వ్యాక్యూమ్ గేజీ ఉంటే ఇంకా మంచిది. ఆరోగ్యమైన ఇంజిన్ స్లోలో సముద్రమట్టం దగ్గర 17–21 అంగుళాలు చూపిస్తుంది, ముల్లు ఊగదు. విజయవాడలో 19 చూపించిన ఇంజిన్ హైదరాబాదులో 17 చూపిస్తే కంగారు పడక్కర్లేదు. 500 మీటర్లకు పైగా ఎత్తుకు దాదాపు 2 అంగుళాలు తగ్గుతుంది.

పాత కార్బొరేటర్నే బాగు చేయించుకుంటే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది, అదే మా మొదటి సలహా. అసలు అరిగేది థ్రాటిల్ స్పిండిల్, అది తిరిగే బాడీ రంధ్రం. స్పిండిల్‌ను వేళ్లతో పైకీ కిందికీ ఊపి చూడండి, కళ్లకు కదలిక కనిపించిందంటే స్లోస్పీడు ఎప్పటికీ నిలబడదు. గ్యాస్కెట్ కిట్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. లేత్ మీద రంధ్రం పెద్దది చేసి ఇత్తడి బుష్షులు కొట్టి, రీమ్ చేసి, కొత్త స్పిండిల్ వేయించాలి. రెండు బుష్షులూ ఒకే గీతలో లేకపోతే థ్రాటిల్ పట్టేస్తుంది. ఆ పని తెలిసిన లేత్ షాపు దొరక్కపోతేనే కొత్త కార్బొరేటర్ మాట.

ఎస్.యు. అయితే ఏ సైజు తీసుకోవాలి?

హెచ్.ఎస్.2 నోరు 1¼ అంగుళం, 31.75 మి.మీ. హెచ్.ఎస్.4 నోరు 1½ అంగుళం, 38 మి.మీ. అడ్డుకోత వైశాల్యం లెక్కన రెండోది 44 శాతం పెద్దది. స్టాకు ఇంజిన్‌కు హెచ్.ఎస్.2 చాలు. హైవే మీద 80 దాటి ఎక్కువసేపు తోలేవాళ్లకూ, బోరింగ్ చేయించి హెడ్డు పని చేయించినవాళ్లకూ హెచ్.ఎస్.4 కాస్త ఊపిరినిస్తుంది.

ఎస్.యు.లో ఒక సౌకర్యం ఉంది. లోపలి పిస్టన్ ఇంజిన్ అడిగినంతే లేస్తుంది కాబట్టి సైజు కొంచెం పెద్దదైనా కింది స్పీడులో గాలి వేగం పడిపోదు. సోలెక్స్‌లో అలా కుదరదు. చోక్ ట్యూబు పెద్దది వేస్తే తక్కువ రేసులో గాలి నెమ్మదిస్తుంది, జెట్టు నుంచి పెట్రోలు సరిగా లేవదు, సిటీలో బండి ఉలిక్కిపడుతూ నడుస్తుంది. 1¾ అంగుళాల ఎస్.యు. మాత్రం ఈ ఇంజిన్‌కు దండగ.

సోలెక్స్ తీసి ఎస్.యు. పెట్టాలంటే ఏమేం కావాలి?

కార్బొరేటర్ ఒక్కటి కొంటే చాలదు. ఇవి లెక్కలో వేసుకోండి:

- ఎస్.యు.కు సరిపోయే ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్. సోలెక్స్‌ది పైకి చూస్తుంది, ఎస్.యు.ది పక్కకు చూస్తుంది.
- 6–10 మి.మీ. మందం బేకలైట్ స్పేసర్, దానికి రెండు వైపులా గ్యాస్కెట్లు, పొడుగు స్టడ్లు.
- కార్బొరేటర్‌కూ ఎగ్జాస్ట్‌కూ మధ్య రేకు హీట్ షీల్డు.
- యాక్సిలరేటర్ రాడ్ లేదా కేబుల్, రిటర్న్ స్ప్రింగులు రెండు. ఒకటి తెగినా రెండోది మూయాలి.
- చోక్ కేబుల్. ఎస్.యు.లో చోక్ అంటే గాలి మూయడం కాదు, జెట్టును కిందికి లాగడం. కాబట్టి కేబుల్ లాగే దిశ, దూరం మారతాయి.
- పెట్రోలు పైపు, క్లిప్పులు, ఫిల్టర్.
- డెల్కో వ్యాక్యూమ్ పైపు.
- ఎయిర్ క్లీనర్ మెడ.

సెకండ్ హ్యాండ్ మ్యానిఫోల్డ్ తెస్తే స్కేలు పెట్టి ముఖం చదునుగా ఉందో లేదో చూడండి. స్కేలు కింద 0.10 మి.మీ. ఫీలర్ దూరితే ముందు ఫేసింగ్ చేయించండి. ఎగ్జాస్ట్‌తో జత చేసిన తర్వాత రెండింటి ముఖాలూ ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే ఒకే వాషరు ఒకదాన్ని నొక్కి రెండోదాన్ని వదిలేస్తుంది. ఈ ఇంజిన్లో ఆ పెద్ద వాషర్లు రెండు మ్యానిఫోల్డుల్నీ కలిపి పట్టేవే.

బిగించే వరస ఏమిటి?

బ్యాటరీ తీసేయండి. ఇంజిన్ చల్లబడ్డాకే పెట్రోలు పైపు విప్పి చివర మూయండి. పాత మ్యానిఫోల్డ్ తీసేటప్పుడు పోర్టుల్లో గుడ్డలు కుక్కండి. వాషరు ఒకటి లోపల పడితే హెడ్డు విప్పాల్సిందే. తిరిగి పెట్టేటప్పుడు గుడ్డలు తీసి లెక్కపెట్టండి.

కొత్త గ్యాస్కెట్ పొడిగానే వేయండి. మ్యానిఫోల్డ్ నట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, 20 న్యూటన్ మీటర్ల వరకు బిగించండి. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి చూడండి. కార్బొరేటర్ నట్లకు అంత బలం వద్దు. ఎక్కువ బిగిస్తే ఫ్లేంజ్ విల్లులా వంగుతుంది, ఆ తర్వాత గాలి లీకు ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

హెచ్.ఎస్.2 మ్యానిఫోల్డ్ మీద హెచ్.ఎస్.4 పెడుతుంటే స్టడ్ల దూరం, నోటి సైజు కొలుచుకోండి. 38 నోరు 31.75 రంధ్రం మీద కూర్చుంటే లోపల 3 మి.మీ. మెట్టు మిగులుతుంది. పెద్ద కార్బొరేటర్ పెట్టిన లాభం అక్కడే పోతుంది. ఆ మెట్టును గ్రైండ్ చేసి వాలుగా కలపాలి.

ఆఖర్న లోపల ఒకరు పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోగా, బయట ఒకరు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుందా, వదలగానే టక్కున మూసుకుందా చూడాలి. సగమే తెరుచుకునే లింకేజీతో తిరిగే బండ్లు బోలెడు.

ఎస్.యు. సెట్టింగు మొదటి నుంచి ఎలా చేయాలి?

ముందు బల్ల మీద పని. నీడిల్ (పిస్టన్ నుంచి జెట్టు రంధ్రంలోకి దిగే సూది) భుజం పిస్టన్ కింది ముఖంతో సమంగా ఉండాలి. నీడిల్ కదలకుండా నిలబడే రకమైతే జెట్టును సెంటర్ చేయాలి: జెట్టు లాక్‌నట్టు వదులు చేసి, జెట్టును పైకి నెట్టి, పిస్టన్ పూర్తిగా దించి, అలాగే పట్టుకుని బిగించాలి. పిస్టన్ వేలితో ఎత్తి వదిలితే "టక్" మని గట్టి చప్పుడుతో బ్రిడ్జి (గాలి దారి అడుగున జెట్టు ఉండే మెట్టు) మీద పడాలి. చప్పుడు మెత్తగా ఉంటే నీడిల్ జెట్టుకు రాసుకుంటోంది, మళ్లీ చేయండి.

డూమ్, పిస్టన్ జోడీ వేరే వాటితో మార్చకండి, అవి ఒకదానికొకటి సరిచేసి పంపినవి. పరీక్ష ఇలా: పిస్టన్ కింది చిన్న రంధ్రాలు మూసి, డ్యాంపర్ పెట్టి, తలకిందులు చేసి పిస్టన్‌ను పట్టుకుని డూమ్‌ను వదలండి. హెచ్.ఎస్.2కు 3–5 సెకన్లు, పెద్దవాటికి 5–7 సెకన్లు పట్టాలి. ఠక్కున జారితే అరిగింది. ఆగి ఆగి జారితే మురికి. డూమ్ లోపల ఎమరీ పేపరు మాత్రం పెట్టకండి.

ఫ్లోటు (గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం నిలిపేది): గిన్నె మూత తిరగేసి ఫ్లోటు నీడిల్ మూసుకున్నప్పుడు ఫ్లోటు లీవరుకూ మూతకూ మధ్య 3–5 మి.మీ. ఉండాలి. 1/8 అంగుళం డ్రిల్ బిట్టు అడ్డం పెట్టి చూస్తే సరిపోతుంది.

జెట్టును బ్రిడ్జితో సమంగా తెచ్చి, అక్కడి నుంచి సర్దుబాటు నట్టును 12 పలకలు, అంటే రెండు పూర్తి తిప్పులు, కిందికి తిప్పండి. దీంతో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. పూర్తిగా వేడెక్కాక, స్లోస్పీడు 700 దగ్గర పెట్టి, లిఫ్టింగ్ పిన్‌తో పిస్టన్‌ను 0.8 మి.మీ. మాత్రమే ఎత్తండి:

- స్పీడు పెరిగి అలాగే నిలబడితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. నట్టు ఒక పలక పైకి.
- స్పీడు పడిపోయి ఇంజిన్ ఆగబోతే లీన్, అంటే పెట్రోలు తక్కువ. ఒక పలక కిందికి.
- క్షణం పాటు కొద్దిగా పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉంది.

ఒకసారి ఒక్క పలకే, తర్వాత కాస్త రేసు ఇచ్చి, మళ్లీ పరీక్ష. మూడు నిమిషాల కన్నా ఎక్కువసేపు ఒకే చోట స్లోలో ఉంచి ట్యూన్ చేస్తే వేడికే రీడింగు తప్పుతుంది.

నీడిల్ సంగతి ఎలా తేల్చాలి?

జెట్టు నట్టుతో స్లోస్పీడు సరిచేస్తాం. హైవే మీద మిశ్రమం నీడిల్ ఆకారం చేతిలో ఉంటుంది. హెచ్.ఎస్.2, హెచ్.ఎస్.4 రెండింటిలోనూ మామూలుగా 0.090 అంగుళం జెట్టే, కానీ ఒకదాని నీడిల్ రెండోదానికి పనికిరాదు. వేరే బండి నుంచి వచ్చిన కార్బొరేటర్ అయితే దాని నీడిల్ ఆ బండి ఇంజిన్ కోసమే. 1500–1600 సి.సి. ఇంజిన్‌కు ఒక్క కార్బొరేటర్ వాడిన బండి నీడిల్‌తో మొదలుపెట్టండి. హెచ్.ఎస్.4లో ఎర్ర రంగు స్ప్రింగు వేయండి.

లాంబ్డా మీటరు (గాలి, పెట్రోలు పాళ్లు చూపేది; 1.0 కన్నా తక్కువైతే రిచ్) ఒక రోజు అద్దెకు దొరికినా తీసుకోండి. నిండు తొక్కుడులో 0.86–0.90, నిదానంగా సాగేటప్పుడు 1.0 చుట్టూ రావాలి. మీటరు లేకపోతే పాత పద్ధతే: ఎత్తు ఎక్కుతూ నిండుగా తొక్కి, అక్కడే ఇగ్నిషన్ కట్టేసి, న్యూట్రల్‌లో పక్కకు ఆపి ప్లగ్గులు విప్పాలి. ఖాళీ రోడ్డు మీదే చేయండి. తెల్లగా మెరుస్తుంటే లీన్, మసి పొడిగా పడితే రిచ్, బిస్కట్ రంగు సరి.

1, 4 ప్లగ్గులు ఒక రంగు, 2, 3 ఇంకో రంగు. కార్బొరేటర్ తప్పా?

చాలావరకు కాదు. ఈ హెడ్డులో నాలుగు సిలిండర్లకు రెండే ఇన్‌లెట్ పోర్టులు. 1, 2 కలిసి ఒకటి, 3, 4 కలిసి ఒకటి. 1-3-4-2 వరసలో 2 పీల్చిన వెంటనే 1, 3 పీల్చిన వెంటనే 4 అదే పోర్టులో పీలుస్తాయి. ముందు పీల్చినదానికీ వెనక పీల్చినదానికీ మిశ్రమం సమానంగా అందదు. కొద్ది తేడా ఈ డిజైన్లోనే ఉంది. కానీ ఒక్క సిలిండర్ మాత్రమే వేరుగా ఉంటే ఆ ప్లగ్గు, వాల్వు, గ్యాస్కెట్ చూడండి.

రెండు ఎస్.యు.లు పెడితే?

చూడ్డానికి బాగుంటుంది. స్టాకు క్యామ్, స్టాకు హెడ్డుతో లాభం చిన్నది, పని రెండింతలు: రెండింటి గాలి సమానం చేయాలి, రెండు జెట్లు, రెండు ఫ్లోట్లు. ఒక్క స్పిండిల్ అరిగినా ట్యూనింగ్ నిలవదు. హెడ్డు పని చేయించే ఆలోచన ఉంటే అప్పుడు అడగండి.

వెబర్ 32/36 గానీ, మారుతి కార్బొరేటర్ గానీ?

వెబర్ 32/36 మంచి సరుకే, రెండు బారెళ్లు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి. అయితే అడాప్టర్, లింకేజీ, జెట్ల సెట్టు అన్నీ కావాలి, పైగా నకిలీలు ఎక్కువ. జెట్ల మీది అంకె ఒకటి, అసలు రంధ్రం ఇంకొకటి ఉండే నకిలీతో ట్యూనింగ్ తెగదు.

మారుతి 800ది 796 సి.సి. కోసం చేసినది. అడాప్టర్ ప్లేటు కొట్టి పెట్టేసే షెడ్లు ఉన్నాయి. స్లోస్పీడు అందంగా వస్తుంది, అదే మోసం. రోడ్డెక్కాక మెయిన్ జెట్లు చాలవు, లీన్ అయి వాల్వులు కాలతాయి. వద్దు.

పెట్రోలు కార్బొరేటర్ పై నుంచి పొర్లుతోంది. ఎందుకు?

ఎలక్ట్రిక్ పంపు కొత్తగా పెట్టారా? పెట్రోలు ఒత్తిడి 3 పి.ఎస్.ఐ. దాటితే ఎస్.యు. ఫ్లోటు నీడిల్ ఆపలేదు. బజారులో దొరికే కొన్ని పంపులు 5 వరకు తోస్తాయి. రెగ్యులేటర్ పెట్టి 2–2.5కు దించండి. పాత మెకానికల్ పంపు బాగుంటే అదే ఉంచండి. పంపు తప్పు కాకపోతే ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడు వస్తే చిల్లు పడింది. అదీ కాకపోతే నీడిల్ సీటులో చెత్త.

హెచ్.ఎస్. రకాల్లో ఫ్లోటు గిన్నె నుంచి జెట్టుకు వెళ్లే నైలాన్ గొట్టం ఏళ్లు గడిస్తే గట్టిపడి చిట్లుతుంది. అక్కడి నుంచి కారే పెట్రోలు నేరుగా ఎగ్జాస్ట్ వైపు పోతుంది. తడి కనిపిస్తే ఆ రోజు బండి తీయకండి. జెట్టు అసెంబ్లీ మొత్తం మార్చండి.

ఎండాకాలం ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాదు.

విజయవాడ, కొత్తగూడెం మే నెల ఎండకు ఇది మామూలే. ఇంజిన్ ఆపగానే ఎగ్జాస్ట్ వేడి పైకెక్కి ఫ్లోటు గిన్నెలో పెట్రోలు మరుగుతుంది, మ్యానిఫోల్డ్ నిండా ఆవిరి. బేకలైట్ స్పేసర్, హీట్ షీల్డు ఉంటే సగానికి సగం తగ్గుతుంది. పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పండి. స్టార్ట్ చేసేటప్పుడు చోక్ లాగకుండా, పెడల్ సగం తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. ఎస్.యు.లో యాక్సిలరేటర్ పంపు లేదు కాబట్టి పెడల్ టపటపా కొట్టి లాభం లేదు. సోలెక్స్‌లో అలా కొడితే ఇంకాస్త పెట్రోలు పోసినట్టే.

రేసు ఇస్తే ముందు తడబడి తర్వాత అందుకుంటోంది.

ఎస్.యు. అయితే ముందు నెత్తిన మూత విప్పి డ్యాంపర్ నూనె చూడండి. సగం కేసులు అక్కడే తీరతాయి. మూతకు గాలి రంధ్రం ఉన్న రకంలో నూనె మట్టం పిస్టన్ బోలు రాడ్ అంచుకు 13 మి.మీ. పైన ఉండాలి. ఎస్.ఏ.ఇ. 20 నూనె చాలు. నూనె పలచనైతే పిస్టన్ తొందరగా లేచి మిశ్రమం లీనవుతుంది. సోలెక్స్ అయితే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ చూడండి. నోట్లోకి చూస్తూ థ్రాటిల్ లాగితే సన్నటి ధార రావాలి.

ఈ20 పెట్రోలుతో ఏం మారుతుంది?

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. రెండు సంగతులు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి 7–8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత సెట్టింగు లీనైపోతుంది. ఎస్.యు.లో నట్టు ఒకటి రెండు పలకలు కిందికి, అవసరమైతే కాస్త రిచ్ నీడిల్. సోలెక్స్‌లో మెయిన్ జెట్టు ఒక సైజు పైకి. రెండోది, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ ఉబ్బి మెత్తబడతాయి. పైపు మీద ఎస్.ఏ.ఇ. జె30 ఆర్9 అని ఉన్నది వేయండి. బండి నెలల తరబడి ఆపితే గిన్నె ఖాళీ చేయండి, ఇథనాల్ తేమ లాగి లోపల తెల్లటి పొడి కడుతుంది.

కొత్తది పెట్టాక మైలేజీ పడిపోయింది.

ముందు డెల్కో వ్యాక్యూమ్ పైపు చూడండి. కొత్త కార్బొరేటర్‌కు ఆ గొట్టం లేకపోతే కొందరు పైపు మూసేస్తారు. నిదానంగా తోలేటప్పుడు అడ్వాన్స్ రాక పెట్రోలు వృథా అవుతుంది. తర్వాత చోక్ కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్తోందా చూడండి. ఒక్క మిల్లీమీటరు జెట్టు కిందికి దిగి ఉన్నా రిచ్చే.

ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే లాగుడు పెరుగుతుందా?

మోత పెరుగుతుంది. మన రోడ్ల దుమ్ము బోరులోకి పోతుంది. ఆయిల్ బాత్ రకమైతే నూనె గీత వరకే పోయండి.

పొల్యూషన్ చెకింగు, ఆర్.సి. ఇబ్బందులుంటాయా?

భారత్ స్టేజ్-2కు ముందటి నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు స్లోస్పీడులో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పి.పి.ఎం. సరిగ్గా ట్యూన్ చేసిన ఎస్.యు. దీన్ని దాటదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్.సి.లోని వివరాలు మారే మార్పుల్ని ఆపుతుంది. కార్బొరేటర్ మారిస్తే ఇంజిన్ నంబరు, సి.సి., ఇంధనం అవే ఉంటాయి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి వేరు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఆ ఆలోచన ఉన్నవాళ్లు విప్పిన కార్బొరేటర్, మ్యానిఫోల్డ్, లింకేజీ, నట్లతో సహా నూనె రాసి, ఒక డబ్బాలో చీటీ పెట్టి దాచండి. పాత ఇనుము వాడికి అమ్మితే వచ్చేది ఒక పూట టిఫిన్ ఖర్చు. మళ్లీ వెతికితే దొరకదు.